ఖాళీ సీటు నేర్పిన పాఠం

రెడ్‌బస్ స్థాపకుల అనుభవంలో డిగ్లీపూర్ యువత గ్రహించదగినదేమిటి?

డిగ్లీపూర్: అండమాన్ దీవుల ఉత్తరపు కొసన ఉన్న ఈ పట్టణవాసులకు బస్సులో సీటు దొరకడం కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. పెద్ద ఆసుపత్రికి పోవాలన్నా, ప్రధాన భూభాగానికి వెళ్లే విమానం ఎక్కాలన్నా, ఓడను అందుకోవాలన్నా ఇక్కడివారు దీవుల రాజధానికి చేరుకోక తప్పదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిరే ఆ రాజధాని. రోడ్డు మార్గాన దూరం సుమారు మూడు వందల కిలోమీటర్లు. ప్రయాణానికి మాత్రం పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది.

ఆలస్యానికి కారణాలు దారిలోనే ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరిన బస్సు ఆస్టిన్ జలసంధిపై కట్టిన చెంగప్ప వంతెన దాటి మధ్య అండమాన్‌లో ప్రవేశిస్తుంది. రంగత్ మీదుగా సాగి బారాటాంగ్ దీవికి చేరుతుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వద్ద బస్సును పంటు మీదికెక్కించి నీటిని దాటించాలి. ఆవలి ఒడ్డున జరావా ఆదిమ తెగవారి అభయారణ్యం మొదలవుతుంది. ఆ అడవిలో వాహనాలు తమ ఇష్టం వచ్చినప్పుడు పోవడానికి వీలులేదు. నిర్ణీత వేళల్లో, పోలీసు పర్యవేక్షణలో, వరుసగా సాగిపోవాలి. మధ్యలో ఆగరాదు. ఒక వరుస తప్పిపోతే తర్వాతి వరుస కోసం వేచి ఉండాలి. ఏరియల్ బే రేవు నుంచి ఓడ ప్రయాణం మరో మార్గమే అయినా దానికి ఓడల వేళలు, సముద్రం, వాతావరణం అనుకూలించాలి.

ఇటువంటి చోట ఒక బస్సు ఖాళీ సీటుతో కదిలిపోయి, ఆ సీటు కోసం తిరిగిన మనిషి వెనుక మిగిలిపోతే నష్టం ఇద్దరిది. బస్సు యజమానికి ఆదాయం పోయింది. ప్రయాణికుడికి ఒక రోజు పోయింది. రోగి విషయంలో ఆ ఒక్క రోజు విలువ లెక్కకట్టడం కష్టం. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటేనని గుర్తించి, దానిపైనే ఒక సంస్థను నిర్మించినవారు ముగ్గురు తెలుగు యువకులు. వారి అనుభవం బెంగళూరు, హైదరాబాదు నగరాలకు మాత్రమే పరిమితమైనదా, డిగ్లీపూర్ వంటి దూరప్రాంతానికి కూడా పనికివచ్చేదా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఒకే నెలలో రెండు ఆరంభాలు

2006 ఆగస్టులో అండమాన్ జిల్లాను విభజించి ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాను ఏర్పాటు చేశారు. మాయాబందర్ జిల్లా కేంద్రమైంది. డిగ్లీపూర్ ఆ కొత్త జిల్లాలో భాగమైంది. యాదృచ్ఛికమే కావచ్చు గాని, అదే నెలలో బెంగళూరులో రెడ్‌బస్ అనే సంస్థ పని ప్రారంభించింది. ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు దాని స్థాపకులు. ముగ్గురూ పిలానీలోని బిట్స్ సంస్థలో చదువుకున్నవారే. ఇంజనీర్లుగా మంచి జీతాలు అందుకుంటున్నవారే.

ఈ సంస్థకు బీజం పడింది అంతకు ముందు సంవత్సరం దీపావళి నాడు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర అప్పటికి బెంగళూరులోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో ఉద్యోగి. 2005 దీపావళికి ఇంటికి పోవాలని ఆయన ప్రైవేటు బస్సు టికెట్టు కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగారు. ఒకరి వద్ద లేదన్నారు. మరొకరి వద్దా అదే సమాధానం. చివరకు పండుగ రోజున గదిలోనే ఉండిపోవలసి వచ్చింది.

పండుగలకు టికెట్టు దొరకక నిలిచిపోయినవారు ఆనాడు బెంగళూరులో వేలాదిగా ఉండి ఉంటారు. వారిలో ఎక్కువమంది ఏజెంటును, బస్సు యజమానిని, తమ అదృష్టాన్ని నిందించుకుని మరునాడు ఉద్యోగాలకు వెళ్లిపోయి ఉంటారు. ఫణీంద్ర వేసుకున్న ప్రశ్న వేరు. సీట్లు నిజంగానే లేవా, లేక ఎక్కడ ఉన్నాయో ఏజెంటుకు తెలియదా? పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడాయే తర్వాత జరిగిన దానికంతటికీ పునాది అయింది. నిజంగా సీట్లే లేకపోతే దానికి మందు కొత్త బస్సు. సీట్లు ఉండీ తెలియకపోతే దానికి మందు సమాచారం. రోగాన్ని గుర్తించకుండా మందు వేయడం వ్యాపారంలోనూ ప్రమాదకరమే.

అడిగి తెలుసుకోవడమే పెట్టుబడి

సంస్థ పెట్టకముందు ఈ మిత్రులు చేసిన మొదటి పని వివరాలు సేకరించడం. ఏజెంట్లను, బస్సు యజమానులను, ప్రయాణికులను కలుసుకున్నారు. ఆ రంగం నడిచే తీరు అప్పుడు వారికి స్పష్టమైంది.

ఆ రోజుల్లో ప్రైవేటు బస్సు యజమాని తన సీట్ల పట్టికను కాగితంపై రాసుకునేవాడు. కొన్ని సీట్లను ఒక్కొక్క ఏజెంటుకు వాటాగా కేటాయించేవాడు. ప్రయాణికుడు వచ్చి అడిగితే ఏజెంటు తనకు పరిచయమున్న నలుగురైదుగురు యజమానులకు ఫోను చేసేవాడు. వారి వద్ద లేకపోతే టికెట్లు లేవని చెప్పి పంపేవాడు. అదే వీధిలో మరో ఏజెంటు వాటాలో సీట్లు మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి ఇతనికి తెలిసే మార్గం లేదు. తిరుగు ప్రయాణానికి టికెట్టు కొనడం మరీ కష్టం. తనకు నచ్చిన సీటు ఎంచుకునే అవకాశం గాని, రెండు బస్సుల చార్జీలు పోల్చుకునే వీలు గాని ప్రయాణికుడికి ఉండేది కాదు.

సీటు అనే సరుకుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. బియ్యం ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. సీటును దాచుకోవడం సాధ్యం కాదు. బస్సు కదిలిన క్షణంలో ఖాళీ సీటు విలువ సున్న అవుతుంది. డీజిలు, డ్రైవరు జీతం, పన్ను మాత్రం ఆ సీటు నిండినా, నిండకపోయినా ఒక్కటే. అందువల్ల బస్సు బయలుదేరేలోగా చివరి నాలుగు సీట్లు నిండాయా, లేదా అన్నదానిపైనే చాలాసార్లు యజమాని లాభనష్టాలు ఆధారపడతాయి. ఈ లెక్క యజమానులకు తెలియనిది కాదు. దాన్ని సరిదిద్దే సాధనమే వారి చేతిలో లేదు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఈ యువకులకు బస్సుల వ్యాపారంలో ఏ అనుభవమూ లేదు. వారు ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి వచ్చినవారు కావడంతో ఇటువంటి సాఫ్ట్‌వేర్ రాయడం కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఉద్యోగాలు చేసుకుంటూనే వారాంతాల్లో కూర్చుని ఆ పని సాగించారు. తమకు తెలియదన్న సంగతిని ఒప్పుకోవడం వల్లనే తెలిసినవారి వద్దకు వెళ్లి అడగగలిగారు. అన్నీ తెలుసుననుకునేవాడు మొదట యంత్రం తయారు చేసి, ఆ తర్వాత దాని అవసరం ఎవరికుందో వెదుకుతాడు. అటువంటి యంత్రాలు గోదాములలో పడి ఉంటాయి.

తిరస్కారమే దారి చూపింది

తొలి ఆలోచన ప్రకారం సాఫ్ట్‌వేర్ తయారుచేసి బస్సు యజమానులకు అందజేయాలి. వారు తమ సీట్ల వివరాలు అందులో నమోదు చేస్తే ఏజెంట్లందరికీ అవి కనిపిస్తాయి. ఆలోచన సబబుగానే ఉంది. కాని యజమానులు అంగీకరించలేదు. చాలామందికి కంప్యూటర్‌తో పరిచయం లేదు. తమ సీట్ల లెక్క ఇతరుల చేతికి పోతుందన్న శంక మరికొందరిది. తరతరాల పరిచయాలతో, ఫోనుతో, కాగితంతో నడుస్తున్న వ్యాపారాన్ని ఎవరో కుర్రవాళ్లు వచ్చి మార్చమంటే ఎవరైనా ఎందుకు ఒప్పుకోవాలి?

సాధారణంగా ఈ దశలో రెండు పొరపాట్లు జరుగుతాయి. ఎదుటివాడికి అర్థం చేసుకునే తెలివి లేదని విసుక్కోవడం ఒకటి. మొత్తం ప్రయత్నాన్నే విరమించడం రెండవది. వీరు రెండూ చేయలేదు. యజమాని తిరస్కారంలో న్యాయమున్నదని గ్రహించారు. అతనికి కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు, ప్రయాణికుడు. కాబట్టి ముందుగా ప్రయాణికుణ్ణి తెచ్చి చూపాలి. అందుకని పథకాన్ని తలకిందులు చేశారు. యజమానుల నుంచి కొద్దిపాటి సీట్లు మాత్రమే వాటాగా తీసుకుని, ఇంటర్నెట్ ద్వారా నేరుగా ప్రయాణికులకే అమ్మడం ప్రారంభించారు. మొదట అమ్ముడుపోయినది తిరుపతి టికెట్టు అనీ, ఆ ప్రయాణికురాలికి సీటు సక్రమంగా దొరికిందో లేదో చూసుకోవడానికి స్థాపకులు బస్సు దగ్గరకే వెళ్లారనీ ఆ సంస్థ తొలినాళ్ల గురించి చెబుతారు.

ఒక్క టికెట్టు కోసం అంత శ్రమ అవసరమా అనిపించవచ్చు. కాని కంప్యూటర్ తెర మీద డబ్బు చెల్లించినవారికి రాత్రి పది గంటలకు రోడ్డు పక్కన సీటు దొరకకపోతే, తిరిగి ఆ తెర ముఖం చూడరు. మరో పది మందికి చెబుతారు. కొత్త వ్యాపారంలో నమ్మకమే మూలధనం. దాన్ని అప్పు తెచ్చుకోవడం కుదరదు. తొలి రోజుల్లో ఇంటర్నెట్‌లో డబ్బు కట్టడానికి జంకేవారి కోసం టికెట్టును ఇంటికి పంపి నగదు తీసుకునే పద్ధతిని సైతం అనుసరించారు. సాంకేతిక సంస్థ అయి ఉండి కూడా, ప్రయాణికుడి అలవాటుకు తగినట్టు కాళ్లకు పని చెప్పడానికి వారు నామోషీ పడలేదు.

పెద్దల సలహా, మదుపరుల డబ్బు

ఉత్సాహం ఒక్కటే సంస్థను నిలబెట్టదు. ఈ యువకులు తమ ప్రతిపాదనను టై అనే పారిశ్రామికవేత్తల సంఘం బెంగళూరు శాఖ ముందుంచారు. కొత్త సంస్థలకు చేయూతనిచ్చే ఆ సంఘం కార్యక్రమంలో వారికి అనుభవజ్ఞుల మార్గదర్శనం లభించింది. మార్కెట్ ఎంత, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది, ఖర్చు ఎంత అన్న ప్రశ్నలకు అంకెలతో సమాధానం చెప్పడం అక్కడ అలవాటైంది. ఆ తర్వాతనే ఉద్యోగాలను వదులుకున్నారు. 2007లో సీడ్‌ఫండ్ అనే మదుపు సంస్థ వారికి పెట్టుబడి సమకూర్చింది. అనంతరం ఇన్వెంటస్, హీలియన్ సంస్థలు కూడా మదుపు చేశాయి.

ఈ క్రమాన్ని శ్రద్ధగా చూడాలి. ముందుగా సమస్య, తర్వాత విచారణ, ఆపైన చిన్న ప్రయోగం, దాని ఫలితం చూపి సలహా, చివరకు పెట్టుబడి. మన యువకులలో పలువురు ఈ నిచ్చెనను పైమెట్టు నుంచి ఎక్కాలని చూస్తారు. పెట్టుబడి దొరికితే ఏదో ఒకటి చేయవచ్చునన్న ధోరణి కనిపిస్తుంది. ఏమి చేయాలో తేలని చోట డబ్బు చేరితే అది అద్దె గదులకూ, ప్రకటనలకూ ఖర్చయిపోతుంది.

కాలం కలిసివచ్చిన మాటను కూడా మరువరాదు. 2002లోనే రైల్వే టికెట్లను ఇంటర్నెట్ ద్వారా కొనే సదుపాయం వచ్చింది. తెర మీద టికెట్టు కొనడం అనే అలవాటును దేశానికి అది నేర్పింది. చవక విమాన సర్వీసులు ఆ అలవాటును మరికొంత పెంచాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ విస్తరించి, వారాంతంలో సొంత ఊళ్లకు పోయే ఉద్యోగుల సంఖ్య పెరిగింది. దూరప్రాంతాలకు సౌకర్యవంతమైన ప్రైవేటు బస్సులు రోడ్డెక్కాయి. పదేళ్లు ముందుగా పుట్టి ఉంటే ఇదే ఆలోచన ఆదిలోనే ఆగిపోయేదని చెప్పవచ్చు. కాబట్టి విజయాన్నంతటినీ వ్యక్తుల ప్రతిభకే కట్టబెట్టడం సరికాదు. అయితే గాలి అందరికీ ఒకేలా వీచినప్పటికీ తెరచాప ఎత్తి ఉంచినవారి పడవే కదులుతుంది.

పాత ఏజెంటును తోసివేయలేదు

కొంతకాలానికి మొదట తిరస్కరణకు గురైన ఆలోచనే మరో రూపంలో తిరిగివచ్చింది. రెడ్‌బస్ ద్వారా ప్రయాణికులు రావడం కళ్లారా చూసిన యజమానులు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను వినడానికి సిద్ధమయ్యారు. వారి కోసం బాస్ అనే వ్యవస్థను రూపొందించారు. యజమాని తన బస్సులను, సీట్లను, చార్జీలను అందులో నిర్వహించుకోవచ్చు. ఏ మూల ఒక సీటు అమ్ముడుపోయినా ఆ లెక్క వెంటనే అంతటా మారుతుంది. ఒకే సీటును ఇద్దరికి అమ్మే పొరపాటు తప్పుతుంది.

దీనికి తోడుగా ఏజెంట్ల కోసం సీట్‌సెల్లర్ అనే మరో ఏర్పాటు చేశారు. ఊరూరా ఉన్న ఏజెంటు తన దుకాణంలోనే కూర్చుని, తనకు పరిచయం లేని యజమానుల బస్సులలో కూడా ఖాళీలు చూసి టికెట్టు అమ్మవచ్చు. నేరుగా ప్రయాణికులకు అమ్మే సంస్థకు ఏజెంటు పోటీదారుడన్న భావన కలగడం సహజం. అతణ్ణి రంగం నుంచి తప్పించాలనే ఆలోచన కూడా రావచ్చు. ఇంటర్నెట్ వాడనివారు దేశంలో కోట్లలో ఉన్నప్పుడు వారికి దారి ఆ ఏజెంటే. రెడ్‌బస్ అతని చేతికి కొత్త పనిముట్టు ఇచ్చింది.

ఈ మార్పుకు మరో పార్శ్వం కూడా ఉందని చెప్పకతప్పదు. సీట్ల సమాచారం ఒకచోట చేరిన కొద్దీ ఆ చోటును అదుపు చేసేవారి బలం పెరుగుతుంది. చిన్న బస్సు యజమాని కమిషన్ చెల్లించక తప్పని పరిస్థితి వస్తుంది. జాబితాలో ఎవరి బస్సు ముందు కనిపిస్తుంది, ఎవరిది వెనుకబడుతుంది అన్నది కూడా వ్యాపారాన్ని నిర్ణయిస్తుంది. పాతకాలపు ఏజెంటుపై ఆధారపడినవాడు రేపు తెరపై ఆధారపడవలసి ఉంటుంది. సాంకేతిక సంస్థల విజయగాథలు చెప్పుకునేటప్పుడు ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు.

తప్పుకోవడమూ నాయకత్వమే

2013 జూన్‌లో రెడ్‌బస్‌ను ఇబిబో గ్రూప్ కొనుగోలు చేసింది. విలువ ఆరు వందల కోట్ల రూపాయలకు పైమాటేనని అప్పటి పత్రికలు అంచనా వేశాయి. ఏడేళ్ల క్రితం కొద్దిపాటి సీట్లతో మొదలైన వ్యాపారానికి అది అసాధారణమైన ధర. కొంతకాలం తర్వాత ఫణీంద్ర సంస్థ బాధ్యతల నుంచి వైదొలిగారు. 2017లో ఇబిబో, మేక్‌మైట్రిప్ సంస్థల విలీనంతో రెడ్‌బస్ ఆ గొడుగు కిందికి చేరింది. స్థాపకులు లేకున్నా సంస్థ ఆగలేదు. ఒక వ్యక్తి తప్పుకున్న తర్వాత కూడా పని సాగేలా నిర్మించడం నాయకత్వానికి గట్టి పరీక్ష. మన ప్రాంతంలో తండ్రి కట్టిన వ్యాపారం తండ్రితోనే క్షీణించిన ఉదాహరణలు తక్కువేమీ కావు.

2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్రను రాష్ట్ర ప్రధాన ఆవిష్కరణల అధికారిగా నియమించింది. నగరాల్లోని ఇంజనీర్లకే కాక గ్రామాల్లో సొంతంగా పనిముట్లు తయారుచేసుకునే రైతులకు, మెకానిక్‌లకు, విద్యార్థులకు కూడా ప్రోత్సాహం అందాలన్నది ఆ విభాగం ఆశయాలలో ఒకటి. కొత్త ఆలోచనకు పట్టాతో గాని, పట్టణంతో గాని విడదీయరాని బంధమేమీ లేదన్న భావన అందులో ఉంది. డిగ్లీపూర్ ప్రస్తావన తిరిగి రావలసింది ఇక్కడే.

సముద్రం దాటే పాఠమేది?

డిగ్లీపూర్‌లో 1950వ దశకం నుంచి తూర్పు బెంగాలు శరణార్థి కుటుంబాలు స్థిరపడ్డాయి. అడవిని చదును చేసి వరి పండించాయి. ఇప్పటికీ ఈ ప్రాంతానికి వ్యవసాయమే ఆధారం. దీవులు మొత్తంగా చూస్తే 2011 జనగణన ప్రకారం సుమారు 3.80 లక్షల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమూడు మంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలసవచ్చిన మత్స్యకారులు, కూలీలు, చిరువ్యాపారుల సంతతి వారిలో ఎక్కువ. విశాఖపట్నం నుంచి దీవుల రాజధానికి ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. తెలుగు సీమకు ఈ దీవులు దూరమే అయినా పరాయివి కావు.

చాలాకాలం ఈ దీవులకు సమాచార సంబంధాలు ఉపగ్రహం ద్వారానే సాగాయి. అది ఖర్చుతో కూడినది, వేగం తక్కువ. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కు వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. ఆ కేబుల్ ఒడ్డుకు చేరే స్థలాల జాబితాలో స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్ ఉన్నాయి. డిగ్లీపూర్ లేదు. ఉత్తరాన దానికి దగ్గరగా కేబుల్ తేలేది రంగత్‌లోనే. అక్కడి నుంచి పైకి నేలమార్గాన వచ్చే సంబంధం ఎంత గట్టిదైతే డిగ్లీపూర్‌కు ప్రయోజనం అంత.

కేబుల్ వచ్చినంత మాత్రాన బెంగళూరు కథ ఇక్కడ పునరావృతమవుతుందని ఆశించడం అమాయకత్వమే. రెడ్‌బస్ తొలి ప్రశ్నను ఇక్కడ వేస్తే సమాధానం వేరుగా రావచ్చు. బెంగళూరులో సీట్లు ఉండీ తెలియలేదు. ఇక్కడ కొన్ని రోజులు సీట్లు నిజంగానే చాలకపోవచ్చు. పంటు ఆగిపోతే, సముద్రం కల్లోలంగా ఉంటే, అడవిలో వాహనాల వరుస వేళ దాటిపోతే ఏ కంప్యూటరూ బస్సును ముందుకు నడపలేదు. జరావాల రక్షణ కోసం విధించిన నిబంధనలను వ్యాపార సౌలభ్యం కోసం సడలించమని కోరడం కూడా తగదు. సమాచారం సీటును చూపగలదు గాని సృష్టించలేదు. రోడ్డు, వంతెన, బస్సు, ఓడ ఇవన్నీ ప్రభుత్వ బాధ్యతలో ఉన్న విషయాలు. వాటికి బదులు ఒక ఫోను తెరను చూపి సరిపెట్టడానికి వీలులేదు.

కనుక సముద్రం దాటి రాగలిగినది రెడ్‌బస్ యంత్రాంగం కాదు, దాని వెనుక ఉన్న పద్ధతి. వ్యవసాయం, చేపల వేట, పర్యాటకం ఈ మూడింటిలోనూ బస్సు సీటు వంటి సరుకులే ఉన్నాయి. పట్టిన చేప సాయంత్రానికి విలువ కోల్పోతుంది. కోసిన కూరగాయ రెండు రోజులకు వాడిపోతుంది. రాస్, స్మిత్ దీవులను చూడవచ్చే యాత్రికుడి కోసం ఎదురుచూసే పడవకు ఆ పూట గడిస్తే ఆ ఆదాయం తిరిగిరాదు. సాడిల్ శిఖరం ఎక్కడానికో, కాలిపూర్ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడడానికో వచ్చేవారికి గది ఎక్కడ ఖాళీగా ఉందో తెలియకపోతే గది యజమానికీ, యాత్రికుడికీ నష్టమే. వీటిలో ఏది సమాచార లోపం, ఏది నిజమైన కొరత అన్నది బయటినుంచి వచ్చినవారు చెప్పజాలరు. ఏరియల్ బే రేవులో చేపల బుట్ట దింపుతున్నవాణ్ణి, బజారులో కూరగాయలు అమ్మే స్త్రీని, బస్సు కండక్టరును అడిగి తెలుసుకోవాలి. భాష తెలిసినవాడు, ఊరి మనిషి ఆ పని బాగా చేయగలడు. ఈ ఒక్క విషయంలో డిగ్లీపూర్ యువకుడు బెంగళూరు ఇంజనీరు కన్నా ముందున్నాడు.

విచారణకు ఖర్చు పెద్దగా కాదు. ఒక నోటు పుస్తకం, నెల రోజుల ఓపిక చాలు. ఏ రోజున ఎన్ని సీట్లు ఖాళీగా పోయాయి, ఎంతమంది వెనుదిరిగారు, ఎన్ని బుట్టల చేప తక్కువ ధరకు పోయింది అని రాసుకుంటే ఆ కాగితమే మొదటి ప్రణాళిక అవుతుంది. ఖాళీలు, వెనుదిరిగినవారు ఒకే రోజున కనిపిస్తే అది యువకులు చేపట్టదగిన పని. ఖాళీలు లేకుండా వెనుదిరిగినవారే కనిపిస్తే ఆ కాగితాన్ని అధికారుల ముందుంచి మరో బస్సు అడగవచ్చు. రెండు విధాలా ఆ శ్రమ వృథా కాదు.

2005 దీపావళి నాడు ఇంటికి చేరలేకపోయిన యువకుడు తన అసంతృప్తిని ప్రశ్నగా మార్చుకున్నాడు. ఆ ప్రశ్నను నగరంలోని బస్సు కార్యాలయాలకు మోసుకుపోయి, కాదన్నవారి మాటను కూడా వినిపించుకున్నాడు. కోట్ల ధర పలికిన సంస్థ అక్కడి నుంచి మొదలైంది. డిగ్లీపూర్ బస్టాండులో తెల్లవారుజామున సీటు కోసం నిలబడే రోగికి గాని, అతని వెంట వచ్చిన కొడుకుకు గాని ఆ కోట్లతో పని లేదు. రేపటి బస్సులో చోటు ఉందో లేదో ఈ రాత్రే తెలిస్తే వారికి చాలు. ఆ పాటి సమాధానం చెప్పగలిగే మనిషి ఈ ఊరిలోనే పుట్టి పెరుగుతూ ఉండవచ్చు.